ఎన్ని గంటలని అడిగారు, ఎవరితో అని అడగలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఆన్‌లైన్ గేములు వ్యసనంగా మారి యువతను సమాజానికి దూరం చేస్తున్నాయంటూ పెద్ద అక్షరాలతో ఒక వార్త వేశారు. చదివిన రోజే రాద్దామనుకున్నాను, కోపం మీద రాయకూడదని ఆగాను. ఆగినకొద్దీ అది పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఒక కాలేజీలో సర్వే చేసి ఈ సంగతి తేల్చామని చెప్పారు. ప్రిన్సిపాల్ గారి ప్రకటన వేశారు, ఆ సందర్భంగా జరిగిన సభకు వచ్చిన పెద్దల ఆవేదన వేశారు, పక్కన పేకముక్కల బొమ్మ కూడా వేశారు. ఎంతమందిని అడిగారో, ఏమడిగారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

ఏమడిగారో నాకు తెలుసు. మా తమ్ముడి కొడుకు అక్కడే చదువుతున్నాడు, ఆ కాగితం చూపించాడు. పైన పేరు, రోల్ నంబరు, సెక్షన్. కింద రోజుకు ఎన్ని గంటలు ఆడతారు, చదువు దెబ్బతింటోందా, ఇంట్లోవాళ్లతో మాట్లాడడం తగ్గిందా, ఫోన్ లేకపోతే టెన్షన్‌గా ఉంటుందా అని నాలుగైదు ప్రశ్నలు, ఎదురుగా అవును, కాదు అని రెండు గళ్లు. ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరర్ బెంచీల మధ్య తిరుగుతుండగా నింపించారు. రోల్ నంబరు రాయించుకుని అడిగితే ఏ పిల్లవాడు ఉన్నమాట రాస్తాడు? డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పినవాణ్ణి, మొదటి సంవత్సరం విద్యార్థి ఇలాంటి ప్రశ్నావళి తెచ్చినా తిప్పి పంపేవాణ్ణి.

అసలు ప్రశ్న ఆ కాగితంలో లేనే లేదు. ఎవరితో ఆడుతున్నావు? వాళ్లు ముందే తెలిసినవాళ్లా, గేములో పరిచయమైనవాళ్లా? ఆడేటప్పుడు ఏం మాట్లాడుకుంటారు? ఇవేవీ అడగకుండా బంధాలు తెగిపోతున్నాయని ఎలా తేలింది?

మా వీధి అబ్బాయిలు నలుగురు పదో తరగతి దాకా కలిసి చదివారు. ఇప్పుడొకడు హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉన్నాడు, ఒకడు బెంగళూరులో ఉద్యోగంలో, ఒకడు విశాఖలో. నాలుగోవాడు మా తమ్ముడి కొడుకు. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక నలుగురూ బీజీఎంఐ అనే ఫోన్ యుద్ధం ఆటలో స్క్వాడ్ కడతారు, అంటే ఒక జట్టుగా ఆడతారు. నేను పక్క గదిలో ఉంటాను కాబట్టి మాటలన్నీ వినిపిస్తాయి. "నాక్ అయ్యానురా, రివైవ్ ఇవ్వు", "జోన్ వస్తోంది, బండెక్కండి" అని అరుచుకుంటూనే, మధ్యలో "అమ్మకి ఆపరేషన్ ఎప్పుడన్నారు రా? డబ్బు సర్దుబాటైందా?" అని ఒకడు అడుగుతాడు. అవతలివాడు చెబుతాడు. ఆటయ్యాక కూడా మైకులు కట్టేయరు. ఈ గేమే లేకపోతే వీళ్లు వారం వారం ఫోన్ చేసుకుని మాట్లాడుకునేవాళ్లని నేననుకోను. మీ వార్త ప్రకారం ఈ నలుగురూ వ్యసనపరులు.

అదే వీధిలో మరో కుర్రాడు ఆన్‌లైన్ రమ్మీలో జీతం పోగొట్టుకుని, లోన్ యాప్‌లో అప్పు చేసి, తలుపేసుకుని ఒక్కడే ఆడేవాడు. వాళ్ల నాన్న పొలం అమ్మి తీర్చాడు. ఆ కుటుంబం పడ్డ బాధ చూసినవాణ్ణి గనక, గేములన్నీ మంచివేనని నేను చెప్పడం లేదు. కానీ ఆ రెండింటినీ ఒకే వార్తలో కలిపి ఒకే బొమ్మ వేస్తే ఎలా? డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు ఆటలు వేరు, పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్ వేరు, సరదాకి ఆడే సోషల్ గేములు వేరని విడదీసి, డబ్బు ఆటలనే నిషేధించింది. చట్టానికి తెలిసిన తేడా మీ డెస్కులో ఎవరికీ తెలియదా?

వ్యసనం అనే మాటనూ ఇంత తేలిగ్గా వాడకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను వ్యాధుల జాబితాలో చేర్చిన మాట నిజమే, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. కానీ అదుపు తప్పి, మిగతా పనులన్నీ వెనక్కి పోయి, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానలేని స్థితి మామూలుగా ఏడాదిపాటు కనిపిస్తేనే ఆ పేరు పెట్టమంది. అలాంటివాళ్లకు వైద్యం కావాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచే ఇందుకోసం ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. మన జిల్లా ఆసుపత్రుల్లో అలాంటిది ఎప్పుడు వస్తుందని సభలో పెద్దలను ఒక్కరైనా అడగాల్సింది.

ఈ విషయం మీద నిజమైన పరిశోధన లేక కాదు. 2007లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ వాళ్లు పదిమందితో కలిసి ఆడే ఆన్‌లైన్ గేముల మీద 45 దేశాలకు చెందిన 912 మంది ఆటగాళ్లను అడిగితే, నలుగురిలో ముగ్గురు గేములో మంచి స్నేహితులు దొరికారన్నారు. అయితే వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చి జవాబిచ్చినవాళ్లు, కాబట్టి అది అందరికీ వర్తించదు. 2006లో అమెరికాలో స్టీన్‌కూలర్, విలియమ్స్ అనే ఇద్దరు ఇలాంటి గేములు ఇల్లూ ఆఫీసూ కాని మూడో చోటుగా, మన రచ్చబండలా పనిచేస్తున్నాయన్నారు. అక్కడ కొత్త పరిచయాలు బాగా పెరుగుతాయి గానీ, కష్టకాలంలో ఆదుకునేంత గట్టి బంధాలు అంతగా రావనీ వాళ్లే చెప్పారు. అదే ఏడాది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే అలాంటి గేము మీద చేసిన మరో అధ్యయనంలో, చాలామంది పదిమంది మధ్య ఉంటూ కూడా ఎవరి ఆట వాళ్లే ఆడుకుంటున్నారని బయటపడింది. చూడండి, ఒక్కొక్కరు ఎంత జాగ్రత్తగా మాట్లాడారో! ఆక్స్‌ఫర్డ్ వాళ్లయితే ఎన్ని గంటలు ఆడావని మనిషి జ్ఞాపకాన్ని నమ్మకుండా, కంపెనీల దగ్గరున్న అసలు ఆట లెక్కలు తీసుకుని 2021లో ప్రచురించారు. ఎక్కువసేపు ఆడినవాళ్ల మనసు బాగోలేదని అందులో తేలలేదు.

అన్నిటికంటే కష్టమైన చిక్కు, ఏది ముందు అన్నది. గేము ఆడి ఒంటరివాడయ్యాడా, ఒంటరిగా ఉన్నాడు కాబట్టి గేము పట్టుకున్నాడా? ఒక్క రోజు సర్వేతో ఇది తేలదు. అవే పిల్లలను రెండేళ్లో మూడేళ్లో వెంట ఉండి అడగాలి. నార్వేలో కండరాల వ్యాధితో వీల్‌చైర్‌కే పరిమితమైన ఒక యువకుడు 2014లో పాతికేళ్లకే చనిపోయాడు. కొడుకు స్నేహితులు లేకుండానే వెళ్లిపోయాడని కుమిలిపోయిన తల్లిదండ్రులకు, అతను పోయిన సంగతి అతని బ్లాగులో పెట్టాక గేములోని స్నేహితుల నుంచి వరసగా సందేశాలు వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకూ వచ్చారు. ఆ అబ్బాయినీ ఎన్ని గంటలు అని మాత్రమే అడిగి ఉంటే ఏం రాసేవాళ్లం?

చైనాలా గంటలు కట్టడి చేయాలని సభలో ఎవరో అన్నారని రాశారు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకే ఆడాలని చైనా 2021లో నిబంధన పెట్టింది. అంతకుముందు 2019లో పెట్టిన ఆంక్షల తర్వాత విపరీతంగా ఆడేవాళ్లు తగ్గారనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదని 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చింది. ఇదీ మీ విలేఖరి ఒకసారి చూసి ఉండాల్సింది.

పిల్లలు నలుగురిలో కలవడం లేదని ఇంత బెంగ పడే పెద్దలు, వాళ్లు కలవడానికి చోటెక్కడ మిగిల్చారో చెప్పాలి. మా ఊరి గ్రౌండులో ఏడాదిలో సగం రోజులు ఎగ్జిబిషన్లు, మీటింగులే. మిగతా రోజుల్లో గేటుకి తాళం. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఏటా కడుతున్నాం, రీడింగ్ రూములో ఫ్యాన్ తిరగదు. ఇంటర్ పిల్లలను హాస్టళ్లలో పెట్టి తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు నడుపుతారు, పండక్కి ఇంటికి పంపడానికి కూడా లెక్కలు చూస్తారు. రెండేళ్లు పక్క బెంచీవాడితో మాట్లాడితే తప్పన్నట్టు పెంచి, ఆ తర్వాత ఫోన్ మీద నేరం మోపుతున్నారు. ఆ రెండేళ్ల చదువు పిల్లల స్నేహాలను ఏం చేస్తోందో సర్వే చేసే ధైర్యం ఏ కాలేజీకైనా ఉందా?

ఆడపిల్లల మాట మీ వార్తలో అసలు లేదు. వాళ్లూ ఆడుతున్నారు. గొంతు వినబడితే అవతలివాళ్లు వెకిలి మాటలు మొదలుపెడతారని మైక్ ఆపుకుని, మగపేరు పెట్టుకుని ఆడుతున్నామని నా పాత విద్యార్థినులే చెప్పారు. సామాజిక జీవితం గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు ముందు వీళ్లను అడగాలి.

మన యూనివర్సిటీల్లో సోషియాలజీ, సైకాలజీ శాఖలున్నాయి, ఖాళీలు భర్తీ చేయకపోయినా ఉన్న కొద్దిమందిలో సమర్థులున్నారు. పేర్లు, రోల్ నంబర్లు లేకుండా, పల్లెల్లోనూ పట్నాల్లోనూ, చదువు మానేసి పనిలో ఉన్నవాళ్లను కూడా కలుపుకుని ఈ పని వాళ్ల చేత చేయించండి. ప్రభుత్వం దానికి నిధులివ్వాలి. ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ కాలేజీ నుంచి ప్రశ్నావళి మొత్తం తెప్పించి, ఎంతమందిని ఎలా అడిగారో వివరంగా, మొదటి వార్త వేసిన చోటే వేయండి. పేకముక్కల బొమ్మ లేకుండా.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా