మా తమ్ముడి జాబ్ కోచ్ మేడమ్‌కు

మా తమ్ముడు ఒక ఆసుపత్రి లాండ్రీలో చేరి మొన్నటికి ఏడాది నిండింది. వాడికి 29 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది. అంకెలు గుర్తుపడతాడు గానీ లెక్కపెట్టలేడు. ఇలాంటివారిని పనిలో చేర్పించి, పక్కనుండి పని నేర్పేవారిని జాబ్ కోచ్ అంటారు. ఈ ఏడాదంతా వాడి వెనుక నిలబడిన జాబ్ కోచ్ మేడమ్‌కు నలుగురిలో దణ్ణం పెట్టాలని ఇది రాస్తున్నాను. పేరు రాయవద్దని ఆవిడే అన్నారు.

వాడికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉందనీ, అందులో మావాడిలాంటి వారికీ భాగముందనీ చాలామంది చెప్పారు. పోటీ పరీక్ష రాయగలిగితే కదా! ఒక దుకాణంవారు ఎనిమిది నెలలు ఊడ్పించుకుని, 'కాలక్షేపం అవుతోందిగా' అంటూ టీ డబ్బులు చేతిలో పెట్టి పంపారు.

మామూలుగా ఏళ్లతరబడి శిక్షణ ఇచ్చి, ఆ తర్వాత ఉద్యోగం వెతుకుతారు. ఈవిడ ముందు పనిలో చేర్పించి, నేర్పేదేదో అక్కడే నేర్పారు. వాడికంటే ముందు తానే రెండు రోజులు ఆ లాండ్రీలో తువ్వాళ్లు మడతపెట్టి చూసుకున్నారు. ఆ పనిని 9 మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక ఫోటో తీసి బల్ల ఎదుట అంటించారు. గోడకు ఎర్ర టేపు వేశారు. దొంతర ఆ టేపును తాకితే కొత్త దొంతర మొదలుపెట్టాలి. అంతే, లెక్కల గొడవ తీరిపోయింది.

మూడు వారాలు పక్కనే ఉన్నారు. తర్వాత గుమ్మం దగ్గర. ఆ తర్వాత వారానికి ఒకసారి. ఆవిడ దూరం జరిగేకొద్దీ అమ్మకు కంగారు. బస్సు నంబరు గుర్తుపడతాడు సరే, దిగాల్సిన చోటు? కొంగు తలమీద కప్పుకుని, వాడికి కనబడకుండా అదే బస్సులో వెళ్లేది. మేడమ్‌కు తెలిసినా కోప్పడలేదు. "ఇంకొక్క వారం వెళ్లండమ్మా, తర్వాత మాత్రం వద్దు" అన్నారు. వాడి చొక్కా గుండీలు వాడినే పెట్టుకోనివ్వాలని మా ఇంట్లో తెలిసిందీ అప్పుడే.

ఆరో నెలలో సూపర్‌వైజర్ మారారు. కొత్తాయన గట్టిగా మాట్లాడేసరికి వీడు పని వదిలేసి మూల కూర్చున్నాడు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాం. మర్నాడే మేడమ్ వచ్చి, నేరుగా ఆయన దగ్గర కూర్చున్నారు. ఒకసారికి ఒక్క మాటే చెప్పాలనీ, చేసి చూపించాలనీ వివరించారు. విన్నందుకు ఆ సూపర్‌వైజర్ గారికీ కృతజ్ఞతలు. ఇప్పుడు వీడు ఒక్కరోజు రాకపోతే ముందు ఫోను చేసేది ఆయనే.

జీతం తోటివారితో సమానంగా వాడి ఖాతాలోనే పడుతోంది. ఒక్కటే చిక్కు. ఇంట్లో అమ్మ మడతపెట్టిన తువ్వాళ్లు వాడికి నచ్చడం లేదు, అన్నీ విప్పేసి మళ్లీ పెడుతున్నాడు. దీనికి మాత్రం మీరే జవాబు చెప్పాలి మేడమ్.