స్కూటరుకీ కారుకీ మధ్య మెట్టు లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది హన్మకొండ. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. కిందటేడు మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. ఫిజియోథెరపీకి వారానికి మూడు రోజులు తీసుకెళ్లాలి, ఇంటి నుంచి ఆరు కిలోమీటర్లు. ఇన్నేళ్లూ మా ఇద్దరినీ మోసింది స్కూటరే. ఇప్పుడు ఆమె దాని మీదికి ఎక్కడమే పెద్ద పని. నేను రెండు కాళ్లూ నేలకు ఆనించి, బ్రేకు బిగపట్టుకుని కదలకుండా కూర్చోవాలి. ఆమె నా భుజం పట్టుకుని, మంచి కాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, మెల్లగా పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఆపరేషన్ అయిన కాలు పూర్తిగా వంగదు కాబట్టి కొంచెం బయటికి చాచే ఉంటుంది. పక్క నుంచి ఆటో రాసుకుంటూ పోయినప్పుడల్లా నా గుండె ఝల్లుమంటుంది.

మొన్న వానాకాలంలో ఒకరోజు దారి మధ్యలో జోరున కురిసింది. పెట్రోల్ బంకు కింద ముప్పావు గంట నిలబడ్డాం. ఎక్స్‌రే కవరు తడవకుండా ఆమె కొంగు కింద దాచుకుంది. "పైన రేకు కప్పున్నా చాలు కదండీ" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మాలాంటివాళ్లకు అందే ధరలో ఇద్దరు కూర్చునే చిన్న కారు కావాలని ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ఆటోలో వెళ్లొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. వెళ్తున్నాం కూడా. రానూపోనూ వారానికి మూడుసార్లంటే నెల తిరిగేసరికి పెన్షన్లో ఎంత పోతుందో లెక్క వేసి చూసుకున్నాను. కారు కొనుక్కోమంటారు మా అబ్బాయి, అమ్మాయి. ఇద్దరూ వేరే ఊళ్లలో ఉన్నారు, పండక్కి వస్తారు. మిగతా రోజులన్నీ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మా వీధిలో ఇలాంటి ఇళ్లు తొమ్మిది ఉన్నాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో. ఇక్కడ డెబ్బైకి దగ్గరపడ్డ భార్యాభర్తలు, గేటు లోపల ఒక పాత స్కూటరు.

మన దేశంలో 2024-25లో దాదాపు 1 కోటి 96 లక్షల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. జీపుల్లాంటి పెద్ద బండ్లు కూడా కలుపుకుని కార్లు 43 లక్షలు. కారు కొన్న ప్రతి ఒక్కరికీ స్కూటరో బైకో కొన్నవాళ్లు నలుగురికి పైనే అన్నమాట. వాళ్లందరికీ కారు మీద ఆశ లేక కాదు. స్కూటరు లక్ష రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సంతోషమే. అయినా అన్నిటికంటే చవకైన కొత్త కారు షోరూం ధరే మూడున్నర లక్షల దగ్గర మొదలవుతుంది. లైఫ్ టాక్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను కలిసేసరికి నాలుగు దాటుతుంది. లక్షకీ నాలుగు లక్షలకీ మధ్య నమ్మకంగా కాలు పెట్టే మెట్టే లేదు.

ఇక్కడ అందరికీ టాటా వాళ్ల చవక కారు నానో గుర్తొస్తుంది. 2008 జనవరి 10న ఢిల్లీలో రతన్ టాటా ఆ కారును చూపించినప్పుడు నేను స్టాఫ్ రూములో పేపరు పట్టుకుని పిల్లవాడిలా సంబరపడ్డాను. స్కూటరు మీద వానలో తడుస్తూ పోయే కుటుంబాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. మొదట ఫ్యాక్టరీ తలపెట్టిన బెంగాల్‌లోని సింగూరులో భూమి గొడవ, ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సానంద్‌కు తరలడం, కొన్ని బండ్లకు నిప్పంటుకోవడం... అవన్నీ తెలిసినవే. ఏటా రెండున్నర లక్షల కార్లు చేయడానికి కట్టిన ఫ్యాక్టరీలో ఏ ఒక్క ఏడాదీ నానో అమ్మకాలు లక్షకు చేరలేదు. 2018 నాటికి తయారీ దాదాపు ఆగిపోయింది.

దాన్ని చూపించి చవక కార్లకు మన దగ్గర గిరాకీ లేదని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. అది చాలా చవకైన కారు అని ప్రచారం చేయడమే పొరపాటైందని తర్వాత రతన్ టాటాయే అన్నారు. మన దగ్గర కారంటే పెళ్లికి వెళ్లి దిగేటప్పుడు నలుగురూ చూసేది. "పేదవాడి కారు" అని ఊరంతా చెప్పాక ఏ ఇల్లాలు అందులోంచి దిగడానికి ఇష్టపడుతుంది? పైగా ఆ ధరకు సెకండ్ హ్యాండ్‌లో పెద్ద కారే దొరుకుతుంటే జనం దాని వైపే వెళ్లారు. ఆ పోటీ ఈ రోజుకీ ఉంది. రేపు రెండు సీట్ల కారు తెచ్చేవాళ్లు ముందు ఆలోచించాల్సింది దీన్నే.

ఇంకో నిజం కూడా చెప్పాలి. సీట్లు సగం చేసినంత మాత్రాన ధర సగం కాదు. ఇద్దరు కూర్చున్నా నలుగురు కూర్చున్నా ఇంజనొకటే, స్టీరింగ్ ఒకటే, నాలుగు చక్రాలు, నాలుగు బ్రేకులు, దీపాలు అన్నీ ఉండాల్సిందే. మిగిలేది కొంత ఇనుము, వెనక సీటు. పెట్రోల్ కారు కంపెనీలు రెండు సీట్ల జోలికి రాకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను. ఎలక్ట్రిక్‌లో మాత్రం లెక్క మారుతుంది. అక్కడ పెద్ద ఖర్చు బ్యాటరీ. బండి తేలికైతే, వేగం తక్కువైతే, రోజుకు 30, 40 కిలోమీటర్లకు మించి తిరగకపోతే చిన్న బ్యాటరీ సరిపోతుంది. మా ఇంట్లో కూలర్ పెట్టుకునే ప్లగ్గు దగ్గరే రాత్రికి ఛార్జ్ అయిపోతుంది.

ప్రయత్నాలు లేవని కాదు. బెంగళూరులో తయారైన రేవా అనే చిన్న ఎలక్ట్రిక్ కారు 2001లోనే వచ్చింది. దానికి మన వీధుల్లో కన్నా లండన్‌లో ఎక్కువ పేరొచ్చింది. అక్కడ నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల మీద వేసే రుసుము దానికి లేకపోవడం ఒక పెద్ద కారణం. 2023లో వచ్చిన ఎంజీ కామెట్ అనే ఎలక్ట్రిక్ కారు పొడవు మూడు మీటర్లకు లోపే, ముచ్చటగా ఉంటుంది. కానీ వచ్చినప్పుడు ధర 7.98 లక్షలు. పుణె కంపెనీ ఒకటి 2025 జనవరిలో ఈవా అనే బండిని 3.25 లక్షలకు ప్రకటించింది, బ్యాటరీకి కిలోమీటరు లెక్కన అద్దె వేరే. అందులో ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కన కూర్చోలేరు, ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. ఇలాంటివి నాలుగు కంపెనీలు పోటీపడి చేస్తేనే ధర దిగుతుంది.

బజాజ్ వాళ్ల నాలుగు చక్రాల చిన్న బండి క్యూట్ కథ మరీ బాధ కలిగిస్తుంది. దాని తొలి రూపాన్ని 2012లోనే చూపించారు. కారూ కాదు, ఆటో కాదు, దీన్ని ఏ తరగతిలో వేయాలన్న చర్చ, కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. సొంతానికి వాడుకోవచ్చని కేంద్రం అనుమతించేసరికి 2018 చివరికొచ్చింది. ఈలోగా అది విదేశాలకు ఎగుమతి అయింది. మా ఊళ్లో ఇంతవరకు నేనొక్కటీ చూడలేదు.

భద్రత సంగతి తేలిగ్గా తీసేయకూడదు. అదే క్యూట్‌కు 2016లో యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో, అంటే యూరప్‌లో బండ్లను గుద్దించి భద్రత చూసే పరీక్షలో, ఐదింటికి ఒక్క స్టారే వచ్చింది. అయితే 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. చిన్న కారును పెద్ద కారుతో పోల్చి వద్దనేవాళ్లు, వద్దన్నాక మనిషి దేని మీద వెళ్తాడో కూడా చూడాలి. సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగు, గట్టి చట్రం తప్పనిసరి చేయండి. అందుకు ఇరవై, ముప్పై వేలు ఎక్కువైనా కొనేవాళ్లు కొంటారు.

జపాన్‌లో 'కే' కార్లని ఉన్నాయి. 1949 నుంచి వాటికి చట్టంలో విడిగా ఒక తరగతి ఉంది. ఇప్పుడు పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజను 660 సీసీ దాటకూడదు. ఆ కొలతల్లో ఉంటే పన్నులు తక్కువ. అక్కడ అమ్ముడయ్యే ప్రతి మూడు కొత్త కార్లలో దాదాపు ఒకటి అదే. ఆ గిరాకీ దానంతటదే పుట్టలేదు, ప్రభుత్వం కొలత గీసి కొన్ని దశాబ్దాలు దానికి కట్టుబడి ఉంది. మన దగ్గర నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజను కార్లన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. మూడు మీటర్ల లోపు కారుకు విడిగా ఒక తరగతి పెట్టి, పన్నులు ఇంకా తగ్గిస్తే కంపెనీలకు ధైర్యం వస్తుంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు ఇచ్చారు. ఆ తర్వాత పెద్ద కార్లకు తీసేసినా, ఈ చిన్నవాటికి ఇంకొన్నేళ్లు ఉంచాలని మన రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

స్కూటర్లన్నీ కార్లయితే రోడ్లు ఏం కావాలి అంటారేమో. అది న్యాయమైన ప్రశ్నే. అందరినీ కొనమనడం లేదు. ఆర్టీసీ బస్సు బాగుండాలి, అది ముందు. కానీ ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఈ బండి ఎలాగూ పనికిరాదు, దీని గిరాకీ వేరేచోట ఉంది. నాతో పనిచేసిన ఇద్దరు టీచరమ్మలు రోజూ వర్ధన్నపేట వైపు చెరో స్కూటరు మీద వెళ్తారు. ఏప్రిల్ ఎండలో ముఖానికి స్కార్ఫు చుట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, ఒకే బడికి, ఒకే టైముకి. ఇద్దరూ కలిసి ఒక్క బండి కొనుక్కుంటామని నాతోనే అన్నారు. ఊళ్లు తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌లు, కిరాణా కొట్టుకు సరుకు తెచ్చుకునేవాళ్లు, రాత్రి షిఫ్టు చేసే నర్సులు, మాలాంటి ముసలివాళ్లు. ఇంకోవైపు ఒక్క మనిషి ఆఫీసుకు పోవడానికి నాలుగు మీటర్ల కారు తీస్తున్నవాళ్లు ఎంతమందో. వాళ్లలో కొందరు ఇటు మారినా రోడ్డు మీద చోటు మిగులుతుంది.

మాది నూరు గజాల ఇల్లు. గేటు నుంచి మెట్టు వరకు టేపు పట్టి కొలిచాను, పదకొండు అడుగులుంది. మామూలు చిన్న కారు పెడితే గేటు మూతపడదు. మూడు మీటర్ల బండైతే పట్టి, పక్కన తులసికోటకు కూడా చోటుంటుంది. బ్యాటరీతో కలిపి మూడు, మూడున్నర లక్షల్లో, నా పక్కన మా ఆవిడ కాలు చాపుకుని కూర్చునేలా ఎవరైనా చేసి ఇస్తే రేపే డబ్బు కడతాను. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో ఆ మేరకు ఇంకా తీయకుండా ఉంచాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హన్మకొండ