మంత్రిగారూ, మాకు జీతం వద్దు, గుర్తింపు కార్డు చాలు

గౌరవనీయులైన వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. మాది గుంటూరు జిల్లాలో ఓ చిన్న పట్టణం. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడి, పెద్దవాళ్లు ఒంటరిగా మిగిలిన ఇళ్లు మా వీధుల్లో చాలా ఉన్నాయి. నాలాగే రిటైరైనవాళ్లం కొంతమందిమి సాయంత్రాలు ఆ ఇళ్లకు వెళ్లి వస్తుంటాం. మీ నుంచి కొత్త పథకమేమీ కోరడం లేదు. ఒంటరి పెద్దవాళ్ల కోసం ప్రతి పోలీసు స్టేషన్‌కూ వాలంటీర్ల కమిటీ ఉండాలని ఎప్పుడో రాసిపెట్టిన నిబంధన ఒకటి ఉంది, దాన్ని అమలు చేయించమని అడుగుతున్నాను.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అనగానే జనానికి గుర్తొచ్చేది ఆర్డీవో దగ్గర వేసే కేసు. పిల్లలు చూడకపోతే భరణం అడగొచ్చు, చూస్తామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని రద్దు చేయించుకోవచ్చు. మంచిదే. మరి డబ్బు పంపిస్తూ, రోజూ ఫోను చేస్తూ, దూరాన ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంగతేమిటి? వాళ్లు ఎవరి మీద కేసు వేస్తారు? అలాంటివాళ్లకు పనికొచ్చేది అదే చట్టంలోని 22వ సెక్షన్. వృద్ధుల ప్రాణానికీ ఆస్తికీ రక్షణగా రాష్ట్రాలు కార్యాచరణ ప్రణాళిక తయారు చేయాలని అందులో ఉంది. దాని కోసం కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ప్రతి పోలీసు స్టేషన్‌లో ఆ పరిధిలోని వృద్ధుల జాబితా, ముఖ్యంగా ఒంటరిగా ఉంటున్నవాళ్లది, ఎప్పటికప్పుడు సరిచేసి ఉంచాలి. కనీసం నెలకోసారి స్టేషన్ మనిషి, వీలైతే ఒక వాలంటీరునో సామాజిక కార్యకర్తనో వెంటబెట్టుకుని, వాళ్ల ఇంటికి వెళ్లిరావాలి. స్టేషన్‌కు ఒకటైనా వాలంటీర్ల కమిటీ ఉండాలి.

మేం చేసేది వింటే ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. గ్యాస్ సిలిండరు మార్చడం, బల్బు బిగించడం, పింఛను ఆగకుండా ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర పడకపోతే బ్యాంకుదాకా తీసుకెళ్లడం. కానీ ఇంట్లోకి వెళ్తేనే కనిపించేవి కొన్ని ఉంటాయి. ఆమధ్య ఒకావిడ మందుల డబ్బా తీసి చూస్తే అన్నీ షాపువాడు కత్తిరించి ఇచ్చిన మాత్రల షీటు ముక్కలే. పేరున్న సగం షాపులోనే ఉండిపోయింది. బీపీ మాత్ర ఏదో, గ్యాస్ మాత్ర ఏదో ఆవిడ రంగును బట్టి వేసుకుంటోంది. కంపెనీ మారి, రంగు మారింది. పొద్దునా రాత్రీ బీపీ మాత్రే పడుతోంది. కళ్లు తిరుగుతుంటే వయసు మీద పడిందిలే అని ఊరుకుంది. డాక్టరు రాసింది సరిగ్గానే ఉంది, కొడుకు డబ్బూ సరిగ్గానే అందుతోంది. ఆ డబ్బా తెరిచి చూసే మనిషే లేరు. "ఏం వండుకున్నారు పిన్నిగారూ?" అంటే, "ఒక్క ప్రాణానికి ఏం వండుకోనమ్మా, ఇంత పెరుగన్నం తిన్నా" అంటుంది. వారం తర్వాత అడిగినా అదే జవాబు. జాకెట్టు భుజాల మీద వదులైపోవడం వీడియో కాల్‌లో కొడుక్కి కనిపించదు.

ఇక మా ఇబ్బంది చెప్పాలి. ఒక ఇంట్లో పెద్దాయన కూతురు ఫోన్‌లోనే మమ్మల్ని నిలదీసింది. "మీరెవరండీ? మా నాన్న దగ్గరికి ఎందుకొస్తున్నారు?" అని. ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. మెడలో గొలుసు కోసం ఒంటరి ముసలమ్మలను చంపేశారన్న వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. రేపు ఏ ఉంగరమో కనబడకపోతే ముందు వేలు చూపించేది మా వైపే. ఈ భయంతోనే మాలో ఇద్దరు మానుకున్నారు. స్టేషన్‌కు వెళ్లి ఆ కమిటీ గురించి అడిగాం. కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు, అలాంటిదొకటి ఉందని తమకు తెలియదన్నారు.

గ్రామ, వార్డు సచివాలయాల శాఖ కూడా మీరే చూస్తున్నారు కాబట్టి ఇది మీ చేతిలో పని. సచివాలయాల్లో మహిళా పోలీసులున్నారు, ఏఎన్ఎంలున్నారు. ప్రతి నెలా పింఛను ఇవ్వడానికి సిబ్బంది గడప గడపకూ వెళ్తున్నారు. ఆ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉంటున్నారో అప్పుడే రాసుకోవచ్చు. అయితే పింఛను జాబితా ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలామంది తప్పిపోతారు. రిటైరైన ఉద్యోగులు, విదేశాల్లో పిల్లలున్నవాళ్లు అందులో ఉండరు. మేడ ఉంది కదా, వాళ్లకేం లోటు అనుకుంటారు. ఆ మేడ మెట్ల మీద జారిపడితే పలకరించే దిక్కుండదు.

వాలంటీరు అనగానే మన రాష్ట్రంలో రాజకీయం వచ్చిపడుతుంది. 2019 ఆగస్టు 15న మొదలైన వ్యవస్థలో యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది. ఇంటికే పింఛను రావడం పెద్దవాళ్లకు నిజంగా మేలు చేసింది. 2024 ఎన్నికల ముందు వాళ్లు పింఛన్లు పంచకూడదని ఎన్నికల సంఘం ఆపేస్తే, అదే పెద్దవాళ్లు ఏప్రిల్ ఎండలో సచివాలయాల దగ్గర పడిగాపులు పడ్డారు. తప్పెవరిదన్న చర్చలోకి నేను పోను. డబ్బుతో, పార్టీతో ముడిపడిన సాయం ఎప్పుడైనా ఆగిపోవచ్చని మాత్రం కళ్లారా చూశాం. అందుకే మాకు గౌరవ వేతనం వద్దంటున్నాను.

కేరళను చూడండి. 1993లో కోళికోడ్‌లో చిన్న క్లినిక్‌గా మొదలైన పాలియేటివ్ సేవ, అంటే నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ, మలప్పురం జిల్లాలో ఊరూరికీ పాకింది. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లను చేర్చుకుని, శిక్షణ ఇచ్చి, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు పంపారు. 2008లో అక్కడి ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది. ముందు జనం, వెనక నర్సు, ఆ వెనక ప్రభుత్వం.

మాకు కావలసింది పోలీసు వెరిఫికేషన్ చేసి ఇచ్చే ఫోటో కార్డు, పీహెచ్‌సీలో ఒకటి రెండు రోజుల శిక్షణ, ఏదైనా జరిగితే ఫోన్ చేయడానికి సచివాలయంలో ఒక మనిషి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, నిజమే. కానీ చెవులు సరిగ్గా వినపడనివాళ్లు దానికి ఫోన్ చేయరు, వాళ్ల తరఫున చేసేవాళ్లుండాలి. మాకూ హద్దులు పెట్టండి. ఏ ఇంటికైనా ఇద్దరు కలిసే వెళ్లాలి. ఏటీఎం పిన్ అడగకూడదు, డబ్బు ముట్టుకోకూడదు, వీలునామాకు సాక్షి సంతకం పెట్టకూడదు. హద్దు మీరితే కార్డు లాగేసుకోండి.

అక్టోబరు 1న వయోవృద్ధుల దినోత్సవానికి ఏటా కలెక్టరేట్లలో శాలువాలు కప్పుతారు. ఈసారి ఆ రోజుకల్లా కనీసం ఒక జిల్లాలో, అది మా జిల్లా అయితే మరీ మంచిది, ప్రతి స్టేషన్‌లో కమిటీ వేసి పేర్లు బోర్డు మీద పెట్టించండి. మా పేర్లు, ఆధార్ నకళ్లు సిద్ధంగా ఉన్నాయి. ఎక్కడ ఇవ్వాలో చెప్పండి చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
గుంటూరు జిల్లా