క్లోమం ఆపరేషన్: పంది తర్వాత ఎవరు?

సంపాదకులకు నమస్కారం. చిన్న రంధ్రాలతో క్లోమం (ప్యాంక్రియాస్) ఆపరేషన్ చేసే పద్ధతిని ముందు పందుల మీద ప్రయత్నించి, తర్వాత మనుషులకి చేయడం గురించి ఈ ఉత్తరం.

చిన్న రంధ్రాలు పెట్టి గాల్‌బ్లాడర్, అపెండిక్స్ తీసేయడం మన కాకినాడ, రాజమండ్రిలో ఎప్పుడో మామూలైపోయింది. క్లోమం ఆపరేషన్ కూడా అలాంటిదే అనుకుంటున్నారు చాలామంది. కాదండీ. క్లోమం పొట్ట వెనకాల పెద్ద రక్తనాళాలను అంటుకుని ఉంటుంది, విప్పుల్ (Whipple) అనే ఆపరేషన్‌లో దాని తల భాగం తీసేసి మిగిలిన ముక్కని పేగుకి అతకాలి, ఆ కుట్టు దగ్గర కారిందంటే జీర్ణరసం చుట్టుపక్కల కండనే తినేస్తుంది. మా బావగారికి పొట్ట తెరిచి చేసినా అలాగే కారింది. గొట్టం చివర సంచిలో మట్టిరంగు నీళ్ళు, నర్సమ్మ వాటిని కొలిచి రాసుకోవడం, ఆ అంకె తగ్గిందా లేదా అని మా అక్క టెన్షన్, దగ్గరుండి చూశాను.

కాబట్టి చిన్న రంధ్రాల కొత్త పద్ధతిని ముందు జంతువుల్లో చూడటాన్ని నేను తప్పుపట్టను. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల క్లోమం మీద చేసిన పనితోనే ఇన్సులిన్ దొరికింది, ఇవాళ మన డెల్టాలో షుగర్ మందు వాడని ఇల్లు ఎక్కడుంది? కానీ పద్ధతి పనిచేస్తుందో లేదో తేల్చడం వేరు, చెయ్యి తిరగడానికి బతికున్న పందిని కోయడం వేరు. కేవలం చేతి నైపుణ్యం కోసం ప్రయోగాలు వీలైనంతవరకు చేయకూడదని 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే చెబుతోంది. కుట్లు నేర్చుకోవడానికి మాంసం కొట్లో మిగిలిన పేగులు చాలు. నెత్తురు ఆపడం లాంటివాటికి ప్రాణమున్న జంతువే కావాలంటే పూర్తి మత్తులో, జంతు ప్రయోగాల కమిటీ అనుమతితో, అతి తక్కువ సంఖ్యలో చేయాలి.

నా అసలు భయం ఆ తర్వాతి మెట్టు, అంటే మనుషులకి చేయడం గురించి. నెదర్లాండ్స్‌లో ఈ ఆపరేషన్‌నే రెండు పద్ధతుల్లో పోల్చిన లెపర్డ్-2 ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. 2019లో వచ్చిన ఫలితాల్లో, 90 రోజుల్లోపు ఆపరేషన్ సమస్యలతో చనిపోయింది చిన్న రంధ్రాల వైపు 50 మందిలో 5గురు, పొట్ట తెరిచిన వైపు 49 మందిలో ఒక్కరు. సంఖ్యలు చిన్నవే, తేడా గట్టిగా తేలలేదు, అయినా భద్రత కోసం ఆపారు. అక్కడి సర్జన్లు ప్రత్యేక శిక్షణ పొంది, అంతకుముందే ఒక్కొక్కరు కనీసం 20 చేసినవాళ్ళు! మరి ఇక్కడ మొదలుపెడితే ఆ మొదటి 20 మంది ఎవరు? హైదరాబాద్ దాకా వెళ్ళే స్తోమత లేని కోనసీమ కూలీలే కదా.

అందుకని వైద్యారోగ్య శాఖకి నా మనవి. ఏ ఆసుపత్రికైనా ఈ ఆపరేషన్‌కి ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద అనుమతి ఇచ్చేముందు సర్జన్ ఎక్కడ నేర్చుకున్నారో, ఎన్ని చేశారో, ఎంతమందికి కారిందో, ఎంతమంది పోయారో అడగండి. అవే అంకెలు పేషెంటు సంతకం పెట్టే కాగితం మీద తెలుగులో ఉండేలా చూడండి.

- ఒక పాఠకుడు, అంబాజీపేట