‘నీటి పరీక్ష’ మెయిల్ మన సాఫ్ట్‌వేర్‌లో ఎందుకు దొరకలేదు

భీమవరంలోని మా దుకాణం నుంచి మెయిళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ తీసుకున్న ఖాతాదారులందరికీ నమస్కారం. ఆకివీడు వైపు రొయ్యల చెరువులు చేస్తున్న ఒక ఖాతాదారు గత నెలలో ఫోన్ చేసి, ల్యాబ్ నుంచి వచ్చిన మెయిల్ కోసం ‘నీటి పరీక్ష’ అని వెతికితే ఏమీ రావడం లేదన్నారు. ‘మీ చేతిలోనే డిలీట్ అయి ఉంటుందండీ’ అని చెప్పాను. అది తప్పు. ఆ మెయిల్ ఆయన ఇన్‌బాక్స్‌లో భద్రంగా ఉంది. ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. ఇదే ఇబ్బంది పడి, మాకు చెప్పకుండా ఊరుకున్నవారు ఇంకా ఉంటారని ఇప్పుడు మీ అందరికీ రాస్తున్నాను.

మీరు వెతికిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ మెయిళ్లన్నీ చదవదు. మెయిల్ వచ్చినప్పుడే అందులోని మాటలను విడదీసి, ఏ మాట ఏ మెయిల్‌లో ఉందో ఇండెక్స్‌లో రాసుకుంటుంది. అక్కడ తప్పుగా పడిన మాట ఇక దొరకదు. తెలుగు సబ్జెక్టును ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల సంకేతంగా మార్చి పంపే పద్ధతిని 1996లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2047 ప్రమాణం నిర్దేశిస్తుంది. దాని ప్రకారం పొడవైన సబ్జెక్టును ముక్కలుగా పంపాలి, ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటకూడదు. ఈ మార్పిడిలో ప్రతి 3 బైట్లు (బైటు అంటే కంప్యూటర్ సమాచారాన్ని కొలిచే చిన్న ప్రమాణం) 4 క్యారెక్టర్లు అవుతాయి కనుక, మొదటా చివరా ఉండే గుర్తులు పోగా అందులో పట్టేది 45 బైట్లే. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకు మరో 3 బైట్లు పడతాయి. ఆ మెయిల్ సబ్జెక్ట్ ‘రొయ్యల చెరువు నీటి పరీక్ష ఫలితాలు’. కాగితం మీద లెక్కపెట్టి చూస్తే ‘రొయ్యల చెరువు నీ’ వరకు 44 బైట్లు వచ్చాయి. 45వది ‘ట’లోని మొదటి బైటు. పంపినవారి ప్రోగ్రామ్ సరిగ్గా అక్కడ తెంచి, మిగిలిన 2 బైట్లను తరువాతి ముక్కలో పెట్టింది. అక్షరం మధ్యలో తెంచకూడదని ప్రమాణం చెబుతున్నా అలాంటి మెయిళ్లు వస్తూనే ఉంటాయి కనుక, ముక్కలను ముందు కలిపి తరువాత చదవవలసిన బాధ్యత మాది. మేము విడివిడిగా చదివాము. ‘నీటి’ అన్న మాట ఇండెక్స్‌లోకి చేరనే లేదు.

ఆ పనిలో ఉండగానే మరొకటి బయటపడింది. ‘రైతు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణంలో) ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయవచ్చు, కంటికి తేడా తెలియదు, మా ఇండెక్స్‌కు మాత్రం అవి వేరువేరు మాటలు. రెండు లోపాలనూ సరిచేశాము. విడుదలకు ముందు ఇంగ్లిష్ మెయిళ్లతోనే పరీక్షించడం మా నిర్లక్ష్యం; ఇకపై తెలుగు మెయిళ్లతో పరీక్షించకుండా ఏ మార్పూ మీకు పంపము.

కొత్త వెర్షన్ వేసుకున్నంత మాత్రాన పాత ఇండెక్స్ బాగుపడదు, దాన్ని మొదటి నుంచి మళ్లీ కట్టాలి. దయచేసి ఒక రాత్రి కంప్యూటర్ ఆపకుండా ఉంచండి. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే సాగుతుంది. మీ మెయిళ్లలో ఒక్క అక్షరం కూడా మారదు.

డీటీపీ సెంటర్లలో పాత, యూనికోడ్ కాని ఫాంట్లతో కొట్టిన అటాచ్‌మెంట్లు మాత్రం ఇప్పటికీ తెలుగులో దొరకవు, ఎందుకంటే ఆ ఫైళ్ల లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. వాటిని పంపినవారి పేరుతో, తేదీతో వెతకండి. అప్పటికీ కనిపించకపోతే దుకాణానికి ఫోన్ చేయండి. మెయిల్ లేదని చెప్పే ముందు ఈసారి నేనే వచ్చి చూస్తాను.