చిట్టితల్లికి, బొమ్మల పుస్తకాల పార్సిలుతో పాటు

సత్యనారాయణపురం, విజయవాడ,
జనవరి 20.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయిని అమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ నేనూ నాన్నగారూ క్షేమం. అల్లుడుగారు, నీవు, బుజ్జివాడు క్షేమమని తలుస్తాను.

ఆదివారం ఫోనులో నీవన్న మాటలు రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతున్నాయి. వాడికి రెండేళ్ల మూడు నెలలు నిండినా మాటలు తక్కువనీ, వచ్చిన మాటల్లో సగం ఇంగ్లీషువేననీ, అందుకని గోడకు బొమ్మల చార్టులు అంటించి రోజూ పొద్దున్నే ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి పేరు చెప్పిస్తున్నావనీ అన్నావు. ఫోనులో తొందరగా చెప్పి ఊరుకునే సంగతి కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీ భయం సంగతి. రెండేళ్లు నిండేసరికి పిల్లలు సుమారు 50 మాటలు పలుకుతూ, రెండేసి మాటలు కలుపుతూ ఉంటే చాలునని పిల్లల వైద్యులు చెబుతారు. ఆ లెక్కలో తెలుగు మాటలూ ఇంగ్లీషు మాటలూ రెండూ చేరతాయి. మనవాడు “పాలు వద్దు”, “తాత రా” అంటున్నాడు కదా. అయినా ఒకసారి చెవులు చూపించు. జలుబు చేసినప్పుడల్లా చెవిపోటు వచ్చే పిల్లలకు వినికిడి తగ్గి మాటలు ఆలస్యం కావచ్చు.

ఇక ఆ చార్టుల విషయం. నీకు రెండేళ్లప్పుడు నేనూ అదే పని చేశాను. చుట్టాలు వచ్చినప్పుడల్లా నిన్ను గోడ దగ్గర నిలబెట్టి “ఇదేమిటి? అదేమిటి?” అని అడిగేదాన్ని. మొదట చెప్పేదానివి. కొన్నాళ్లకు వేలు నోట్లో పెట్టుకుని నా పైటచెంగు వెనక దాక్కోవడం మొదలుపెట్టావు. పిల్ల మొండికేస్తున్నదని కోప్పడ్డాను. జవాబు నాకు ముందే తెలిసిన ప్రశ్న అడగడం మాట్లాడటం కాదనీ, అది పరీక్ష పెట్టడమనీ, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే నాకే అప్పుడు తోచలేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ తరువాత నాన్నగారు లెనిన్ సెంటరులో పాత పుస్తకాల దుకాణం నుంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చారు. అందులో ఏటి మీద ఒక పడవ, పడవలో ఒక ముసలాయన, ఒక మేక. నాన్నగారు నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని పుట తెరిచి ఏమీ అడగకుండా ఊరుకున్నారు. నీవే కాసేపు చూసి “మేక” అన్నావు. “అవును, మేక పడవ ఎక్కింది” అన్నారాయన. మరునాడు అదే పుట దగ్గర “మేక ఎక్కింది” అన్నావు. “ఎక్కి ఎక్కడికి వెళుతున్నదో!” అన్నారు. నీవు చాలాసేపు ఆలోచించి “అమ్మ దగ్గరికి” అన్నావు. పుస్తకంలో ఆ మేకకు అమ్మ లేదు, నీవే కల్పించావు.

నాన్నగారు తెలియకుండానే చేసిన పనిని ఇతర దేశాలవాళ్లు పరీక్షించి చూశారని తరువాత ఒక శిక్షణ తరగతిలో తెలుసుకున్నాను. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 21 నుంచి 35 నెలల వయసు పిల్లలున్న కుటుంబాలను రెండు గుంపులుగా చేసి, రెండింటిచేతా ఒక నెలపాటు బొమ్మల పుస్తకాలు చదివించి, 1988లో ఆ ఫలితాలు ప్రకటించాడు. ఒక గుంపువారు ఎప్పటిలా చదివారు, రెండో గుంపువారు మాత్రం మధ్యలో ఆగి, “ఏం చేస్తున్నాడు?” వంటి ప్రశ్నలు వేసి, పిల్లలు అన్న మాటకు ఇంకో రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పారు. నెల తిరిగేసరికి మాటల్లో చెప్పగలిగే శక్తిని కొలిచే ఒక పరీక్షలో రెండో గుంపు పిల్లలు మొదటి గుంపు పిల్లల కంటే, వయసు లెక్కలో చెబితే, ఎనిమిదిన్నర నెలలు ముందున్నారు. రెండు గుంపులూ పుస్తకాలు పట్టుకున్నవే. తేడా అంతా చదివిన తీరులో ఉన్నది.

కాబట్టి నీవు చేయవలసినది చాలా తక్కువ. వాడు చూస్తున్న బొమ్మనే నీవూ చూడు, నీవు చూపించదలచినదాన్ని కాదు. ఒక మాట అడిగిన తరువాత మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊరుకో. మనం ఆగలేక జవాబు కూడా మనమే చెప్పేస్తాం. వాడు “డాగ్” అంటే తప్పని దిద్దవద్దు. “అవును, కుక్క! తోక ఆడిస్తున్నది చూడు” అను. వాడి మాట నిలబడుతుంది, నీ మాటా వాడి చెవిన పడుతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం ఇది. మనం పిల్లలకు పేర్లే నేర్పుతాం, క్రియలు నేర్పం. చార్టులో ఆవు ఉంటుంది, కుండ ఉంటుంది, చీపురు ఉంటుంది. ఎవరూ ఏమీ చేస్తూ ఉండరు. మన భాష బలమంతా చేసే పనుల్లో ఉన్నది. అంట్లు తోముతాం, బట్టలు ఉతుకుతాం, చేతులు కడుక్కుంటాం, ఇల్లు ఊడుస్తాం, బల్ల తుడుస్తాం. ఇప్పుడు మన ఇళ్లలో ఈ ఐదింటికీ కలిపి “క్లీన్ చెయ్యి” అన్న ఒక్క మాటే మిగిలింది. పూలు కోయడం, కూరలు తరగడం, ఆకు తుంచడం, కొస గిల్లడం అన్నీ “కట్ చెయ్యి”లో కలిసిపోయాయి. వాడికి మాటలు తక్కువని నీవు బాధపడుతున్నావు; వాడు వినేవే తక్కువ, తల్లీ. నిన్ను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, ఈ ఇంట్లోనూ ఇదే తీరు. మంచి బొమ్మల పుస్తకంలో అవ్వ చాటతో బియ్యం చెరుగుతుంది, పిన్ని కవ్వంతో మజ్జిగ చిలుకుతుంది, తాత వేరుశనక్కాయలు ఒలుస్తాడు. పని కంటికి కనబడుతూ ఉండగా మాట చెవిన పడితే అర్థం విడిగా చెప్పనక్కరలేదు.

దసరాకు వచ్చినప్పుడు ప్రకాశం బ్యారేజీ మీద వాణ్ణి ఎత్తుకుని కృష్ణను చూపిస్తే “పెద్ద వాటర్” అన్నాడు. గట్టు, రేవు, తెడ్డు, ఇసుకతిన్నె అన్న మాటలు రోజూ ఇంట్లో ఎవరు అంటారు? 2015లో అమెరికాలో కొందరు పరిశోధకులు 100 బొమ్మల పుస్తకాల్లోని పదాలను, తల్లిదండ్రులు పిల్లలతో మామూలుగా ఆడే మాటలతో పోల్చి చూస్తే, పుస్తకాల్లోనే వేర్వేరు పదాలు ఎక్కువగా తేలాయి. అన్నం పెడుతూ, స్నానం చేయిస్తూ ఆడే మాటల్లోకి రాని పదాలు పుస్తకం తెరిస్తే వస్తాయి.

చదివిన పుస్తకమే మళ్లీ మళ్లీ అడుగుతున్నాడని విసుక్కోకు. ఇంగ్లండులో మూడేళ్ల పిల్లల మీద జరిపిన పరిశీలనలో, కొత్త మాటలను వేర్వేరు కథల్లో విన్నవారి కంటే ఒకే కథలో పదేపదే విన్నవారే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారని 2011లో తేలింది. మొదటిసారి కథ ఏమవుతుందోనన్న ఆత్రం ఉంటుంది. అది తీరిన తరువాతే పిల్లలు మాటల మీద మనసు పెడతారని నా అనుభవం.

పుస్తకాలు అక్కడ దొరకవని అనుకోవద్దు. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాలపుస్తకాలయం పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి. ప్రథమ్ బుక్స్‌వారి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదవవచ్చు. అయితే ఫోను వాడి చేతికివ్వకుండా ముద్రించుకుని చదివితే నాకు తృప్తి.

పార్సిలులో ఎనిమిది పుస్తకాలు ఉన్నాయి. ఏడు కొత్తవి. ఎనిమిదోది నాన్నగారి బీరువాలోది, ఆ పడవ పుస్తకమే. ముసలాయన తెడ్డు వేసే పుట అంచు చిరిగి ఉంటుంది. అది నీవు మూడేళ్లప్పుడు మేకను బయటికి తీయాలని చింపినది. నేను అంటించలేదు. వాడు అది చూసి ఏమంటాడో, వాడు అన్నది అన్నట్టుగానే నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ అమ్మ