వాయిదాల మీద ఇల్లు అమ్ముతున్నారా? ఆ ఒక్క వాక్యం చూసి సంతకం పెట్టండి

సంపాదకుడు గారికి,

లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత కాగితాలు) సరిగా లేని పాత ఇళ్లకు, ముఖ్యంగా గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇళ్లకు బ్యాంకు లోను దొరకడం కష్టం. దాంతో సగం డబ్బు ఇప్పుడు, మిగతాది రెండు మూడేళ్లలో అని మాట్లాడుకుని, బాకీకి పోస్ట్‌డేటెడ్ చెక్కులు తీసుకుని అమ్మేస్తున్నారు. రిజిస్ట్రేషన్ మాత్రం ముందే అయిపోతుంది. ఇదేంటండీ అని అడిగితే, చెక్కు బౌన్సయితే రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ చేయించేస్తాం అంటారు, ఎంత ధీమాగా అంటారో!

ఆ ధీమాకు చట్టంలో ఆధారం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం, ధర మొత్తం ముట్టకపోయినా, తర్వాత ఇస్తానన్న మాట మీద కూడా అమ్మకం పూర్తవుతుంది. సూరత్‌లో ఒక భూమిని 2009లో 36 చెక్కుల మీద అమ్మి, 1.74 కోట్లలో 40 వేలే ముట్టాయంటూ 2014లో దావా వేసినవాళ్లకు 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం దక్కలేదు. ధర ముట్టలేదన్నది దస్తావేజు రద్దుకు కారణం కాదు, బాకీ కోసం వేరే దావా వేసుకోవాల్సిందే అని కోర్టు తేల్చింది. ఇక మన దగ్గర అమ్మినవాడు ఒక్కడే వెళ్లి రద్దు దస్తావేజు రాయించుకోవడం కుదరదని 2010లోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేసులోనే, తేలిపోయింది.

అసలు తిరకాసు దస్తావేజులో ఉండే ఒక మామూలు వాక్యంలో ఉంది. 'సదరు ప్రతిఫలం మాకు పూర్తిగా ముట్టినది' అని, అంటే అమ్మిన ధర మొత్తం అందిందని. లేఖరి అలవాటు కొద్దీ రాసేస్తాడు, మనం చదవకుండా సంతకం పెట్టేస్తాం. డబ్బు ఇంకా రావాల్సిన అమ్మకందారుకు ఆ బాకీ మేరకు ఇంటి మీద హక్కు ఉంటుందని అదే చట్టం 55వ సెక్షన్ చెబుతోంది, కానీ కాగితం మీద బాకీయే లేనప్పుడు ఆ సంగతి తెలియకుండా రేపు ఇంకొకరు కొనుక్కుంటే వాళ్ల మీద ఆ హక్కు నిలవదు. కాబట్టి ఎంత ముట్టింది, ఎంత బాకీ, ఏ తేదీలోగా అన్నది దస్తావేజులోనే రాయించాలి. అదే రోజు బాకీ మొత్తానికి కొన్నవాళ్ల చేత తనఖా దస్తావేజు కూడా రిజిస్టర్ చేయించుకుంటే ఇంకా గట్టి. అది ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రంలో) కనబడుతుంది, మనకు తెలియకుండా ఇల్లు చేతులు మారడం కష్టం. ఖర్చవుతుంది, నిజమే.

కొందరు తెలివిగా రిజిస్ట్రేషన్ ఆపి అగ్రిమెంటు మీదే తాళాలు ఇచ్చేస్తారు, స్వాధీనం ఇవ్వలేదని రాయించి స్టాంపు డ్యూటీ మిగుల్చుకుంటారు. రేపు పేచీ వస్తే ఆ ఇంట్లో ఉన్నవాళ్లను ఏమని ఖాళీ చేయిస్తారు? కాగితంలో ఉన్నదొకటి, జరిగిందొకటి అయితే కోర్టులో ఇద్దరికీ ఇబ్బందే. చెక్కు బౌన్సయితే బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి, ఆ కేసు గెలిచినా ఇల్లు తిరిగి రాదు. వాయిదా నగదుగా తీసుకుందామనుకునేవాళ్లకు ఇంకో మాట: ఇంటి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను జరిమానా పడేది పుచ్చుకున్నవాళ్లకే, అదీ పుచ్చుకున్నంత.

రిజిస్ట్రేషన్ శాఖ చేయగలిగింది కూడా ఉంది. ఈసీలో ప్రతిఫలం ఎంతో కనిపిస్తుంది గానీ అందులో ఎంత బాకీ ఉందో కనిపించదు. దస్తావేజులో బాకీ రాసి ఉంటే ఆ అంకె ఈసీలో వచ్చేలా ఒక కాలమ్ పెట్టాలి. సంతకానికి ముందు సబ్ రిజిస్ట్రార్ అమ్మేవాళ్లను 'మొత్తం ముట్టిందా' అని గట్టిగా అడిగి, లేదంటే ఆ వాక్యం మార్పించి తెమ్మని వెనక్కి పంపాలి. రెండు రాష్ట్రాల అధికారులూ దీని మీద ఏమంటారో మీ పత్రిక అడిగి ప్రచురిస్తే బాగుంటుంది.

— ఒక పాఠకుడు, తెనాలి